ఎడమ చేత్తో చుట్టిన సగం

మార్చి పదకొండు, బుధవారం. ఆ పొద్దున పిట్ట తిన్నది రెండు రొట్టె ముక్కలు, ఒక ఉడికించిన గుడ్డు, సగం నారింజపండు. మిగతా సగం బాబాయి తిన్నాడు. క్రేను కాళ్ళ దగ్గర నిలబడి తొనలు ఒలుచుకుంటూ, "పైకెళ్ళాక ఆకలేస్తే నన్ననకు" అన్నాడు. నేల మీద ఆమెతో ఆయన అన్న చివరి మాట అదే. ఆ తర్వాత మాట్లాడిందంతా చేతులతోనే.

ఇంతవరకు జరిగింది తెలియనివాళ్ళకు ఆ నారింజపండు ఒక్కటి గుర్తుంటే చాలు, మిగతాది నేను చెబుతాను. ఎనభై అడుగుల ఎత్తున గాజు క్యాబిన్‌లో కూర్చుని క్రేను నడిపే మనిషి పిట్ట. ముప్పై నాలుగేళ్ళ మనిషికి ఆ పేరు పెట్టింది బాబాయే. సొంత బాబాయి కాదు. ఎనిమిదేళ్ళుగా కింద నిలబడి, ఎత్తు, దించు, ఆగు అని చేతులతో సైగలు చేసిన మనిషి. ఆ రోజు పదకొండు గంటలకు కొక్కేనికి వేలాడుతున్న పైపుల కట్టను బ్రేకు పట్టలేకపోయింది. పైపులు మీద పడి బాబాయి పోయాడు. క్యాబిన్ ఊగిన ఊపుకి పిట్ట కుడి భుజం ఎముక విరిగింది.

మర్నాడే, ప్రమాదాల వార్డులో, నర్సమ్మ ఆమె ఫోన్లో ఒక కొత్త యాప్ పెట్టింది.

"ఇంత పెద్ద దెబ్బ తిన్నవాళ్ళు నిద్ర కోసం దేన్నైనా పట్టుకుంటారు. మొదటి నెల్లో పట్టుకున్నది ఒక పట్టాన వదలదు. అందుకే నెల ఆగి రమ్మనకుండా ఇప్పుడే మొదలుపెడుతున్నాం. నీకు గంజాయి అలవాటుందా?" అని అడిగింది నర్సమ్మ, జ్వరం ఉందా అని అడిగినంత మామూలుగా.

"ఆదివారాలు" అంది పిట్ట. అబద్ధం ఆడే ఓపిక కూడా లేదప్పుడు.

"మానెయ్యమని చెప్పను. ఎప్పుడు తాగావో, తాగే ముందు కళ్ళకేం కనిపించిందో రాయి. చాలు."

ముప్పై రోజులు. పొద్దున ఒకసారి, సాయంత్రం ఒకసారి ఫోన్ చిన్నగా గంట కొడుతుంది. నాలుగు ప్రశ్నలు అడుగుతుంది. తర్వాత నర్సమ్మ గొంతు వినిపిస్తుంది: "పాదాలు నేలకు ఆనాయా? చుట్టూ ఉన్నవాటిలో మూడింటి పేర్లు చెప్పండి." ఆ గొంతును వార్డులోనే రికార్డు చేశారు. వెనకాల మందుల బండి చక్రం కీచుమంటుంది. గొంతు కన్నా ఆ కీచుమనే చక్రమే పిట్టకు ఎక్కువ నెమ్మదినిచ్చేది. ఎవరో ఒకరు మెలకువగా ఉన్నారు, మందులు పట్టుకుని తిరుగుతున్నారు అనిపించేది.

పోయిన వారం మనం ఆమెను విచారణ గది గుమ్మంలో వదిలాం. బల్ల మీద పరిచిన కాగితాలను ఆమె అప్పుడే చూసింది. వాటి మీద అచ్చయి ఉన్నది ఆమె ఫోనే. ఆమె రాసుకున్న జవాబులే.

*

"రామ్మా, కూర్చో" అన్నాడు సేఫ్టీ ఆఫీసర్.

కూర్చుంది. వెంట వచ్చిన నర్సమ్మ అడగకుండానే కుర్చీని పిట్ట కళ్ళలో ఎండ పడని వైపుకు జరిపింది. ఆఫీసు ముసలి అటెండరు మంచినీళ్ళ గ్లాసు తెచ్చి, ఒక్క క్షణం ఆగి, గుడ్డతో మెడకు కట్టి ఉన్న కుడి చేతిని చూసి, గ్లాసును ఎడమ పక్క పెట్టి వెళ్ళి గోడకానుకుని నిలబడ్డాడు. ఆ గదిలో ఆమె పక్షాన జరిగిన పనులు అప్పటికి ఆ రెండే.

"ఇవి నా ఫోన్లోవి" అంది పిట్ట.

"అవునమ్మా."

"మీకెవరిచ్చారు?"

"మా ఆసుపత్రి ఇవ్వలేదు" అంది నర్సమ్మ గబుక్కున. "మేం ఎవరికీ ఇవ్వం."

"ఎవరిచ్చారన్నది కాదిక్కడ సంగతి" అన్నాడు ఆఫీసర్. కళ్ళజోడు సర్దుకుని ఒక కాగితం పైకెత్తాడు. చెడ్డమనిషి మొహం కాదు అతనిది. పిల్లల మార్కులు చూసి నిట్టూర్చే మేష్టారి మొహం. "మార్చి 11. పొద్దున 6.40. సగం తాగాను." కాగితం దించాడు. "ప్రమాదం జరిగింది పదకొండు గంటలకు. ఇక నేను చెప్పాల్సిందేముంది?"

జేబులోంచి పెన్ను తీసి ఆమె ముందు పెట్టాడు.

"నీ మీద నాకు కోపం లేదమ్మా. దీన్ని ఒప్పుకుంటూ ఒక్క సంతకం పెట్టు. పోలీసుల దాకా పోనివ్వను. లైసెన్సు ఎలాగూ పోతుంది, పోనీ. నేల మీద, స్టోరులో ఏదో పని చూపిస్తాం. మీ అన్నయ్య పక్కనే ఉంటావు. బాబాయి ఎటూ తిరిగి రాడు కదా."

ఆ చివరి మాట అనకుండా ఉంటే బాగుండేది. అప్పటిదాకా పిట్ట కళ్ళు బల్ల అంచు మీద ఉన్నాయి. ఇప్పుడు లేచి అతని మొహం మీద నిలిచాయి.

నర్సమ్మ ఆమె చెవి దగ్గరకు వంగింది. "విను. ఫోన్లో రాసింది నీ సొంతం. నువ్వు ఊఁ అంటే ఇప్పుడే మొత్తం తుడిచేస్తాను. ఒక్క నొక్కుడు. ఆ తర్వాత వీళ్ళ దగ్గరుండేది ఉత్త కాగితం."

మూడు రోజులుగా ఇంట్లో అన్నయ్య కూడా ఇదే పాట. తుడిచెయ్ చెల్లాయ్, తుడిచెయ్. నీ చేత్తో నువ్వే ఉరితాడు పేనుకుంటున్నావు.

"నేను చెరపనండీ" అంది పిట్ట, గదికంతా వినపడేలా. "క్రేను పుస్తకంలో చెరపడం ఉండదు. తప్పు రాస్తే ఒక్క గీత కొట్టి, పక్కన సంతకం పెడతాం. కింద రాసింది కనబడుతూనే ఉండాలి. నాకు వచ్చిన రాత అదొక్కటే. సార్, మా క్రేను పుస్తకం తెప్పించండి."

"దేనికి?"

"విచారణ నా క్రేను గురించి. పుస్తకం దానిది. దేనికంటారేంటి?"

అటెండరు అప్పటికే బయల్దేరాడు. ఆఫీసర్ "ఆగు" అనేలోపే పక్కగది బీరువా తలుపు కిర్రుమంది. పొడవాటి పుస్తకం, మసిపట్టిన అట్ట. అటెండరు దాన్నీ ఎడమ పక్కే పెట్టాడు.

పిట్ట ఒంటిచేత్తో పేజీలు తిప్పింది. అవసరమైన చోట ఆగి, పుస్తకాన్ని అతని వైపు తోసింది.

"ఇది ఎవరి రాత సార్?"

"నాదే."

"చదువుతారా?"

"బ్రేకు పరీక్షించాను. లోపమేమీ కనబడలేదు. సంతకం నాది."

"ఎడమ పక్క తేదీ?"

"మార్చి పదకొండు."

"అంటే పదకొండున, బాబాయి కింద నిలబడి ఉండగా, మీరు మా బ్రేకు చూశారన్నమాట. చూసి బాగుందన్నారు."

"ఏం మాట్లాడుతున్నావు? నేను చూసింది పదమూడున. కుడి పక్క చూడు, పదమూడు అని లేదూ?"

"ఉంది. మరి ఎడమ పక్క పదకొండెందుకు?"

"ప్రమాదానికి సంబంధించి ఎప్పుడు ఏది రాసినా ప్రమాదం తేదీ కిందే రాయాలి. రాసిన రోజు కుడి పక్క వేయాలి. నీకు తెలియందా?" అతని గొంతులో విసుగు.

"ఎప్పటిదాకా అలా రాయాలి సార్?"

"విచారణ ముగిసేదాకా."

"నాకెవరు నేర్పారండీ ఆ పద్ధతి?"

అతను పుస్తకాన్ని కాస్త వెనక్కి తోశాడు.

"మీరే నేర్పారు" అంది పిట్ట. "ఎనిమిదేళ్ళ కింద, ఇదే గదిలో. ఎడమ పక్క తేదీ తప్పు వేశానని నాతో వంద సార్లు రాయించారు. బాబాయి కిటికీలోంచి చూసి నవ్వాడు. అప్పట్నుంచి ఆ పద్ధతి నా ఒంట్లోకి ఎక్కింది. ఈ ఫోను తేదీ అడిగితే నా వేలు దానంతటదే పదకొండు కొట్టింది. ఆ రోజు గురించి రాసిన ప్రతిదానికీ పదకొండే. ఈ కాగితాలన్నీ తిప్పండి. ఇరవై రెండు రోజులుగా నాకు పదకొండో తారీఖు తప్ప ఇంకో తారీఖు రాలేదు."

ఆఫీసర్ కాగితాలు తిప్పాడు. మార్చి 11. మార్చి 11. మార్చి 11. అతని వేళ్ళు నెమ్మదించాయి.

"రాసిన రోజు ఫోన్ దానంతటదే గుర్తుపెట్టుకుంటుంది" అంది నర్సమ్మ. పిట్ట దగ్గర్నుంచి ఫోను తీసుకుని, ఆ జవాబు మీద వేలు నొక్కిపట్టింది. కింద సన్నటి అక్షరాలు లేచాయి. మార్చి 19.

"ఫోన్లో తేదీలు మార్చడం ఎంతసేపు?" అన్నాడు ఆఫీసర్. అప్పటికే అతను సగం ఓడిన మనిషిలా మాట్లాడుతున్నాడు. అలాంటప్పుడే మనిషి మొండిగా అవుతాడు.

"సరే, ఫోన్ను నమ్మొద్దు. మీ కాగితాన్నే నమ్మండి. సగం తాగాను అన్న దాని కింద లైను చదవండి."

"అది అనవసరం..."

"చదవండి సార్. నా రాత నేను చదివితే మీకు అనుమానం."

అతను చదివాడు, గొంతు తగ్గించి. "ఎడమ చేత్తో చుట్టడం రాలేదు. సగం నేలపాలు."

గోడ దగ్గర అటెండరు ఫక్కున నవ్వి, దాన్ని దగ్గుగా మార్చుకున్నాడు.

"పదకొండో తారీఖు పొద్దున నాకు రెండు చేతులూ ఉన్నాయి సార్" అంది పిట్ట. "నారింజపండు రెండు చేతులతో చీల్చి బాబాయికి సగం ఇచ్చాను."

ఆ మాట తర్వాత ఆమె ఎడమ చెయ్యి బల్ల అంచును పట్టుకుంది. నర్సమ్మ బల్ల కింద తన చెప్పుతో పిట్ట చెప్పును మెల్లగా తాకింది. పాదాలు నేలకు ఆనాయా అని అడగడం అది. ఆనాయి.

ఇక్కడితో ఆపవచ్చు. గెలిచిన చోట ఆగడం తెలివిగలవాళ్ళ పద్ధతి. కానీ పిట్ట ఎడమ చెయ్యి చాపి ఆ కాగితాలన్నీ తన వైపు లాక్కుంది.

"నన్ను భయపెట్టడానికే కదా ఇవి అచ్చు వేయించారు? మీరు చదివితే దొంగతనం బయటపెట్టినట్టుంటుంది. నేనే చదువుతాను, అందరూ వినండి." మొదటి కాగితం తీసింది. "ఆ రోజుకు ముందు ఆదివారాలు తాగేదాన్ని, మా డాబా మీద. ఆ మర్నాడు క్రేను ఎక్కాల్సి ఉంటే అదీ లేదు. ఆ రోజు తర్వాత రోజూ తాగాను. ఇదిగో. 'నాలుగుసార్లు. కళ్ళు మూస్తే పైపులు జారుతున్నాయి.' ఇది మార్చి ఇరవై. 'మూడుసార్లు. బాబాయి చెయ్యెత్తి ఆగు అన్నాడు, నేను ఆగాను, పైపులు ఆగలేదు.' ఇది ఇరవై నాలుగు. 'రెండు. గంట మోగింది, చక్రం కీచుమంది, ఒకటి పక్కన పెట్టేశాను.' నిన్నటిది ఇందులో లేదు, నేనే చెబుతాను: 'ఒక్కటి.' మీరు తగ్గించలేదు సార్ దీన్ని. పోలీసులు తగ్గించలేదు. సిగ్గు తగ్గించలేదు. రోజుకు రెండుసార్లు, నన్ను తిట్టకుండా, ఎలా ఉన్నావు అని అడిగిన ఒక గొంతు తగ్గించింది. నేను సిగ్గుపడను. సంతకం కూడా పెట్టను."

నర్సమ్మ కిటికీ వైపు తిరిగి తన ముక్కును అనవసరంగా గట్టిగా తుడుచుకుంది.

"అసలు సంగతికి వద్దాం" అంది పిట్ట. "నాలుగో తారీఖున, అంటే బాబాయి పోవడానికి వారం ముందు, బ్రేకు అరిగిపోయింది, కొత్తది కావాలని చీటీ రాసి స్టోరుకిచ్చాను. దాని మాటేంటి?"

ఆఫీసర్ నెమ్మదిగా కుర్చీలో వెనక్కి వాలాడు. ఆ ఉదయం మొదటిసారి అతనికి కాస్త ఊపిరాడినట్టు కనిపించింది. సొరుగులోంచి ఒకే ఒక్క కాగితం తీశాడు.

"అలాంటి చీటీ ఏదీ స్టోరుకు రాలేదని స్టోర్ కీపర్ రాసిచ్చాడు." కాగితాన్ని ఆమె ముందు పెట్టాడు. "స్టోర్ కీపర్ ఎవరో నేను నీకు చెప్పక్కర్లేదు కదమ్మా."

గుండ్రటి, పొందికైన రాత, అన్నయ్యది. చిన్నప్పుడు ఆమెకు అక్షరాలు దిద్దించిన రాత.

పిట్ట దాన్ని చూస్తూ ఉండిపోయింది. తర్వాత, ఎందుకో తెలియకుండానే, తన ఫోను బొమ్మలున్న కాగితాల వైపు చూసింది. ఇందాకటిదాకా తన మాటలే చూసింది, వాటి చుట్టూ ఏముందో చూడలేదు. ఫోను కింద నీలిగళ్ళ ప్లాస్టిక్ గుడ్డ. ఆ గళ్ళలో ఒకచోట వేడి గిన్నె పెట్టి కాల్చిన రంధ్రం. అంచున ఫోన్ను పట్టుకున్న బొటనవేలు. ఇనుప డబ్బా పడి నల్లబడిన గోరు.

"రేపు తొమ్మిదింటికి విచారణ ముగిస్తాను" అంటున్నాడు ఆఫీసర్. "చీటీ ఉంటే తీసుకురా. లేకపోతే బ్రేకు గురించి నువ్వేమీ చెప్పలేదనే రాసుకోవాలి. నా చేతిలో ఏముంది?"

"ఈ కాగితాలు నేను తీసుకెళతాను" అంది పిట్ట.

"అవి ఆఫీసువి..."

"మాటలు నావి" అని లేచింది.

*

ఇంటికొచ్చేసరికి దీపాలు పెట్టే వేళయింది. వదిన పొయ్యి దగ్గర ఉంది. వదిన సంగతి ఒకటి చెప్పాలి. పిట్ట డాబా మీద పొగ తాగుతుందని ఆవిడకు మొదటి రోజే తెలుసు. ఒక్క మాటా అనలేదు. మర్నాటి నుంచి పిట్టగోడ మీద ఒక పాత సాసరు కనిపించడం మొదలైంది, బూడిద కోసం. రోజూ పొద్దున్నే అది కడిగి ఉండేది.

అన్నయ్య బల్ల దగ్గర కూర్చుని టీ తాగుతున్నాడు. "ఏమైంది చెల్లాయ్? సంతకం పెట్టావా?"

పిట్ట జవాబివ్వలేదు. సంచీలోంచి ఒక కాగితం తీసి బల్ల మీద పెట్టింది. దాన్ని అటూ ఇటూ జరిపి, బొమ్మలోని నీలిగళ్ళు బల్లమీది నీలిగళ్ళతో కలిసేలా, కాలిన రంధ్రం పక్కనే కాలిన రంధ్రం వచ్చేలా పెట్టింది.

అన్నయ్య తన బొటనవేలిని అరచేతిలోకి ముడుచుకున్నాడు, చిన్నపిల్లాడిలా.

"నీకు జబ్బని తేలితే కేసుండదన్నాడు ఆఫీసర్" అన్నాడు చివరికి. "జైలుకు పోకుండా చూడాలనుకున్నాను. ఇచ్చాక భయమేసి తుడిచెయ్యమని నీ వెంటపడ్డాను. పెంచిన చేతులు కదా."

"చీటీ?"

పొయ్యి దగ్గర గరిటె చప్పుడు ఆగిపోయింది.

"ఏ చీటీ?" అంది వదిన.

అన్నయ్య చొక్కా జేబులోంచి కళ్ళజోడు డబ్బా తీశాడు. తెరిచాడు. కళ్ళజోడు కింద, నాలుగు మడతలు పెట్టిన పసుప్పచ్చ కాగితం. మడత విప్పితే పిట్ట రాత. ఎడమ పక్క, మార్చి 4.

"ఈ నెల కొత్త సామాను తెప్పించొద్దు, చీటీ పక్కన పెట్టు అన్నాడు ఆఫీసర్. పక్కన పెట్టాను. ఒక్క నెలే కదా అనుకున్నాను." కళ్ళజోడు డబ్బా మూసేశాడు. "ఇది బయటికొస్తే ఆయనతో పాటు నేనూ పోతాను చెల్లాయ్. నిన్ను కాపాడాలని ఒక పని చేశాను, నన్ను కాపాడుకోవాలని ఇంకో పని చేశాను. రెండూ ఒకే చేత్తో చేశాను."

"బాబాయి మనింట్లో ఎన్నిసార్లు తిన్నాడో గుర్తుందా మీకు?" అంది వదిన. గట్టిగా అనలేదు.

చెయ్యి చాపితే చీటీ అందే దూరంలోనే ఉంది పిట్ట. లాక్కోవచ్చు. అన్నయ్య అడ్డు పడేవాడు కాదు కూడా. కానీ లాక్కున్న చీటీ వేరు, తెచ్చిచ్చిన చీటీ వేరు. రేపు ఆ గదిలో 'నేనే దాచాను' అని చెప్పాల్సిన నోరు ఆమెది కాదు.

అప్పుడే ఫోన్ చిన్నగా గంట కొట్టింది. సాయంత్రం ప్రశ్నల వేళ. ఇరవై రెండో రోజు.

రోజూ ఆ గంట ముందో వెనకో ఆమె చెయ్యి జేబులోని అగ్గిపెట్టెను వెతుక్కునేది. ఇవాళా వెతుక్కుంది. తీసి, ఒక్క క్షణం పట్టుకుని, బల్ల మీద పెట్టింది. సరిగ్గా చీటీ పక్కన.

"రేపు తొమ్మిదింటికి" అంది. "నేను నా కాగితాలన్నీ చదివేశాను అన్నయ్యా, గంజాయితో సహా. నీ దగ్గరున్నది ఇదొక్కటే. చదువుతావో, కాలుస్తావో, నీ ఇష్టం. నిన్ను తుడిచెయ్యమని మాత్రం నేననను."

గదిలోకి వెళ్ళి మంచం మీద కూర్చుంది. ఫోన్ అడిగింది: ఈ పూట తాగారా? లేదు, అని కొట్టింది. ఎలా ఆగగలిగారు? ఎడమ పక్క మార్చి 11 అని వేసింది. విచారణ ఇంకా ముగియలేదు కదా. దాని కింద, ఎడమ చేతి వేళ్ళతో తడుముకుంటూ రాసింది: అగ్గిపెట్టె అన్నయ్య దగ్గరుంది.

నర్సమ్మ గొంతు మొదలైంది. పాదాలు నేలకు ఆనాయా? వెనకాల చక్రం కీచుమంది.

తలుపు వేద్దామని లేచింది. బల్ల వైపు నుంచి చిన్న చప్పుడు. ఎవరో అగ్గిపెట్టెను చేతిలోకి తీసుకున్నారు. లోపల పుల్లలు గలగలమన్నాయి.

ఆ చెయ్యి అన్నయ్యదో వదినదో పిట్ట తొంగి చూడలేదు. చప్పుడు కాకుండా తలుపు దగ్గరకు వేసుకుంది.